పోకముందు ఇవ్వాల్సిన దానం

మనిషి పోయాక మన ఇళ్ళలో దానాలకు లోటుండదు. పదకొండో రోజు దానాలు, పన్నెండో రోజు భోజనాలు, ఏడాది తిరిగేసరికి గుళ్ళో అన్నదానం. అప్పు చేసైనా జరిపిస్తాం. అదే మనిషి చివరి నెలల్లో నొప్పితో మెలికలు తిరుగుతుంటే మాత్రం ఏం చెయ్యాలో తెలీక గుమ్మం దగ్గరే నిలబడిపోతాం. ఆ నెలల కోసం కూడా దానం చెయ్యాలని నాకు తెలిసొచ్చింది విశాఖ గాజువాకలో మా మావయ్య మంచం పక్కన.

ఆయన స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యారు. నోటి కేన్సర్ దవడ దాకా పాకింది. ‘ఇక ఇంటికి తీసుకెళ్ళండి’ అన్నారు డాక్టర్లు. వైద్యం అయిపోయిందనుకున్నాం. ఇంకో రకం వైద్యం అప్పుడే మొదలైంది. విరాళాలతో నడిచే పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా బాధను తగ్గించే వైద్యం) బృందం నుంచి ఒక నర్సమ్మ ఇంటికొచ్చింది. పుండు కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలు పొడిచేసి చల్లి, కట్టు కట్టింది. కొద్ది రోజులకే గదిలో వాసన తగ్గింది. అంతవరకూ గడప తొక్కని మనవలు తాత మంచం మీదికెక్కి కూర్చున్నారు. మార్ఫిన్ మాత్రలు చేతికిస్తూ నర్సమ్మ మా అత్తకు చెప్పింది: ‘నొప్పొచ్చేదాకా ఆగకండమ్మా. గడియారం చూసి నాలుగ్గంటలకోసారి ఇవ్వండి. రాత్రి డోసు వేరే రాశారు, తెల్లారేదాకా నిద్ర పడుతుంది.’ మలబద్ధకం రాకుండా మందు కూడా ఇచ్చింది. మావయ్య నిద్రపోయారు. తేరుకుని పింఛను కాగితాలు, చీటీ బాకీలు అత్తకు అప్పజెప్పారు. తన ఇంట్లో, తనవాళ్ళ మధ్య వెళ్ళిపోయారు.

మార్ఫిన్ ఖరీదైన మందు కాదు. నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశం మనది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల చిక్కుతో చాలా ఆస్పత్రులు దాన్ని ఉంచుకోవడమే మానేశాయి. 2014 సవరణ ఆ దారిని సులువు చేసింది. ఇక కావలసింది ఆ మందు పట్టుకుని ఇంటికొచ్చే మనిషి.

విశాఖలోని కింగ్ జార్జ్ ఆస్పత్రికీ, అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రికీ శ్రీకాకుళం, విజయనగరం నుంచి, మన్యం నుంచి రోగులొస్తారు. వాళ్ళు తిరిగెళ్ళే ఊళ్ళకు నర్సు వెళ్ళాలంటే ఆమెకు జీతం కావాలి, బండికి డీజిల్ కావాలి. భవనానికి లక్షలిస్తే శిలాఫలకం మీద పేరుంటుంది. డీజిల్‌కి ఇస్తే ఎక్కడా ఉండదు. అందుకే ఈ సేవకు దాతలు తక్కువ.

ఈ లెక్కను కేరళ సరిచేసి చూపించింది. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్.రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన సేవ ఊరూరికీ పాకింది. మలప్పురం లాంటి జిల్లాల్లో దాన్ని నిలబెట్టింది దుకాణాల్లోని హుండీలు, విద్యార్థుల చందాలు, మామూలు మనుషులు నెలనెలా ఇచ్చిన చిన్న మొత్తాలు. జనం ముందు నడిస్తే ప్రభుత్వం వెనక వచ్చింది. 2008లో దేశంలోనే తొలి పాలియేటివ్ కేర్ విధానాన్ని ప్రకటించింది. హైదరాబాద్‌లో రోటరీ మిత్రులు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పీస్ కూడా రోగుల దగ్గర పైసా తీసుకోకుండా విరాళాల మీదే నడుస్తోంది.

విశాఖకు ఇవ్వడం కొత్త కాదు. అనాథలను, వృద్ధులను ఆదుకునే డాబాగార్డెన్స్ ప్రేమసమాజాన్ని పోషించుకుంటున్న ఊరిది. పోర్టు, షిప్‌యార్డ్, స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులు నెలకు వంద రూపాయల చొప్పున ఇస్తే ఇంటింటికీ తిరిగే నర్సుల బృందాలు నిలబడతాయి. ఒకేసారి ఇచ్చే లక్షకంటే క్రమం తప్పని వంద ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది. జీతాలు ప్రతి నెలా ఇవ్వాల్సిందే కదా.

సంవత్సరీకాలు మానమని అనను. ఆ భోజనాల్లో ఒక బంతి ఖర్చు పక్కన పెట్టి, మీకు దగ్గర్లో ఈ సేవ చేస్తున్న సంస్థకు పోయినవారి పేరుతోనే పంపండి. మీరు ఎప్పుడూ చూడని ఒక ఇంట్లో ఒకరికి ఈ రాత్రి నిద్ర పడుతుంది. అంతకన్నా పుణ్యమేముంటుంది?