ఆ 120 గ్రాముల ప్యాకెట్‌కి రైతుని తిట్టకండి

పత్తిలో గులాబీ రంగు పురుగు గురించి మా ఆఫీసులో మాటొస్తే చాలు, ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు: "మనవాళ్ళు చెప్పింది చెయ్యరు బాస్, అదీ ప్రాబ్లం." ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. అందుకే ఈ గోల.

తెలియనివాళ్ళ కోసం కాస్త ఉపోద్ఘాతం. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. పురుగుని చంపే ప్రోటీన్ మొక్కే తయారుచేసుకుంటుంది. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది, శనగపచ్చ పురుగుకి కొట్టే మందులు బాగా తగ్గాయి. అందులో అబద్ధం లేదు. కానీ ఏ విషాన్నైనా తట్టుకునే పురుగులు ఎక్కడో కొన్ని ఉంటాయి. ఊరంతా బీటీయే వేస్తే చివరికి మిగిలేవి అవే, వాటిలో అవే జతకట్టి పెరిగిపోతాయి.

దీనికి విరుగుడుగా ఒక రూలు పెట్టారు. చేను చుట్టూ ఐదు సాళ్ళు గానీ, మొత్తం పొలంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత మామూలు పత్తి వెయ్యాలి. అక్కడ బతికిన మామూలు పురుగులు ఈ మొండి పురుగులతో జతకడితే, పుట్టే పిల్లలు చాలావరకు బీటీకి చచ్చిపోతాయి. అందుకని 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనాల ప్యాకెట్ ఇచ్చేవారు.

రైతులు చాలామంది ఆ చిన్న ప్యాకెట్ వెయ్యలేదు. నిజమే. 2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీకి లొంగడం లేదని ప్రకటించినప్పుడు, మోన్శాంటో చూపించిన కారణాల్లో ఇదీ ఒకటి. 2006లో వచ్చిన రెండు ప్రోటీన్ల రకం కూడా 2014-15 కల్లా అదే గుజరాత్‌లో చేతులెత్తేసింది. 2017కల్లా ఈ తలనొప్పి మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రా దాకా వచ్చేసింది.

సరే, ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. లెక్కలంటే మనకి ఇష్టమే కదా :-)

ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు సుమారు 209 అడుగులు. సాలుకీ సాలుకీ మధ్య 3 అడుగులు వేసుకున్నా, ఐదు సాళ్ళంటే ప్రతి వైపూ 15 అడుగులు పోతాయి. మిగిలేది 179 బై 179. అంటే ఎకరంలో పావు వంతుకి పైగా పురుగు కోసం వదలాలన్నమాట! వంద ఎకరాల కమతంలో చుట్టూ ఐదు సాళ్ళంటే లెక్కలోకే రాదు, అక్కడ 20 శాతం రూలే వర్తిస్తుంది. మరి అప్పు తెచ్చి, కౌలు కట్టి ఎకరమో రెండెకరాలో వేసేవాడికి? వాడు వదిలిన పావు వంతు వల్ల లాభం ఊరందరిదీ, నష్టం మాత్రం వాడొక్కడిది. పక్కవాడు వెయ్యకపోతే ఇతను వేసీ లాభం లేదు. మీరైతే వేస్తారా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

మన ఫీల్డులో లక్షమంది యూజర్లు ఒకే స్టెప్పు దాటేస్తే ఏమంటాం? డిజైన్ బాగాలేదంటాం. పొలం దగ్గరికొచ్చేసరికి మాత్రం "చదువులేదు" అంటాం.

ఇది ఊరికే పోలిక కోసం అనడం లేదు. చైనాలో యాంగ్జీ లోయ పత్తి రైతులు మనవాళ్ళలాగే చిన్న కమతాల వాళ్ళు. అక్కడ రెండో తరం సంకర విత్తనాలు విరివిగా అమ్మారు. వాటిలో సుమారు నాలుగు మొక్కల్లో ఒకటి బీటీ లేకుండానే మొలుస్తుంది. రైతుకి ఎవరూ క్లాసు పీకలేదు, విడిగా ప్యాకెట్ ఇవ్వలేదు. అప్పటికే తల ఎత్తుతున్న నిరోధకత వెనక్కి తగ్గింది. 2017లో దీని మీద పరిశోధన పత్రం కూడా వచ్చింది. మనదగ్గర? బీటీ గింజల్లోనే 5 నుంచి 10 శాతం మామూలు గింజలు కలిపి ఒకే ప్యాకెట్‌గా ఇమ్మని నోటిఫికేషన్ 2016 డిసెంబర్‌లో వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. కలిపి ఇవ్వడంలోనూ కొన్ని ఇబ్బందులున్నాయి, కాదనను. కానీ పద్నాలుగేళ్ళు ఎవరు నిద్రపోయినట్టు? రైతా?

"మరి అమెరికా వాళ్ళు పాటించారు కదా" అంటారేమో. అరిజోనాలో పెద్ద కమతాలు. పైగా 2006 నుంచీ అక్కడ రైతులూ ప్రభుత్వమూ కలిసి ఖర్చు భరించి, సంతానం కలగని రెక్కల పురుగుల్ని విమానాల్లోంచి వదిలారు. 2018 అక్టోబర్‌లో అక్కడి పత్తి ప్రాంతాల్లో ఈ పురుగు లేదని ప్రకటించారు. అంటే పురుగుతో పోరాటం ఒంటరి రైతు మీద వదల్లేదు.

మనమూ చెయ్యొచ్చు. తక్కువ కాలంలో పంటకొచ్చే రకాలివ్వాలి. ఊరంతా ఒకేసారి పంట ముగించి పత్తి కట్టె తీసేయాలి. లింగాకర్షక బుట్టలు పొలాల్లోనే కాదు, జిన్నింగ్ మిల్లుల్లోనూ పెట్టాలి. చివరి తీతలు వదులుకోమంటే ఆ డబ్బు ఎవరిస్తారో కూడా చెప్పాలి. ఊరికే "పాటించండి" అంటే ఎవడూ పాటించడు.

ఇది ఊసుపోక చెప్పే కబురు కాదు. పురుగు లొంగకపోతే రైతు ఇంకో మందు, ఇంకా ఘాటు మందు కొడతాడు. 2017లో యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ ఆ విషానికి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళనీ "గ్లవ్స్ వేసుకోలేదు" అనే అన్నారు చాలామంది.

ఇక అనుమతి లేని కలుపుమందు తట్టుకునే పత్తి విత్తనాలు దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. అదే మందు ఏటా అదే చేలో కొడితే, రేపు దానికి చావని కలుపు మొలుస్తుంది. అప్పుడు కూడా "రైతులు చెప్పింది చెయ్యరు బాస్" అనే అంటారా? లేక, అమ్మినవాడినీ, చూస్తూ ఊరుకున్నవాడినీ ఇప్పుడే అడుగుతారా?