రాతిలో దాగిన ఎముకలు

గోదావరి వరద తీసిన తరవాత ఒడ్డును ఎప్పుడైనా చూశారా, పిల్లలూ? మెత్తని ఒండ్రుమట్టి ఒక పొరగా పరుచుకుని ఉంటుంది. మరుసటి ఏడు వచ్చే వరద దాని మీద ఇంకొక పొర వేస్తుంది. ఇలా లక్షల ఏళ్లు జరిగితే పైపొరల బరువుకు కింది పొరలు అణిగిపోతాయి. నీటిలో కరిగివున్న సున్నం, ఇనుము వంటివి ఇసక రేణువుల మధ్య చేరి, వాటిని సిమెంటులాగా అతికిస్తాయి. మట్టి కాస్తా రాయి అవుతుంది. అడుగుపొర పాతది, పైపొర కొత్తది.

ఇప్పుడు ఆ వరదలో ఒక జంతువు చచ్చి కొట్టుకువచ్చిందనుకోండి. కళేబరం ఆరుబయట పడివుంటే ఎముకలు ఎండకూ వానకూ పొడి అయిపోతాయి. ఒండ్రు వెంటనే కప్పేసిందా, మాంసం కుళ్ళినా ఎముకలు మిగులుతాయి. ఎముక లోపల సన్నని బెజ్జాలు ఉంటాయి గదా! భూమిలోని నీరు వాటిలోకి దూరి, తనలోని ఖనిజాలను అక్కడ వదులుతుంది. చివరకు రూపం ఎముకదే, బరువు మాత్రం రాతిది! దీనినే శిలాజం అంటారు. చచ్చిన ప్రతి జంతువుకూ ఈ యోగం పట్టదు, బహు అరుదు.

ప్రాణహిత, గోదావరి నదుల లోయలో కోట అనే ఊరి పేరు పెట్టిన రాతిపొరలున్నాయి. వాటి వయస్సు సుమారు 18 కోట్ల ఏళ్లు. 1961 ప్రాంతంలో కలకత్తా శాస్త్రజ్ఞులు అక్కడ ఒక రాక్షసిబల్లి ఎముకలు తవ్వితీశారు. దాని తొడ ఎముక ఒక్కటే మనిషంత పొడవు! బెంగాలీలో 'బరా పా' అంటే పెద్ద కాలు. అది రవీంద్రనాథ ఠాగూరు శతజయంతి సంవత్సరం కూడాను. అందుచేత 1975లో దానికి 'బరాపసారస్ టాగోరీ' అని పేరు పెట్టారు.

అదే పొరల్లో, పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికినది కోటసారస్. దానిని హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టారు. వెళ్లినప్పుడు దాని తలకేసి బాగా చూడండి. అది శాస్త్రజ్ఞులు ఊహించి చేసిన తల! ఎముకలు వందల కొద్దీ దొరికాయి గాని, పుర్రె దొరకలేదు. బరాపసారస్‌దీ ఇదే కథ. రెంటికీ పళ్లు మాత్రమే దొరికాయి.

ఎందుకని? అంత ఒంటికి తల చాలా చిన్నది. దాని ఎముకలు పలచన, మెడకు పట్టు తక్కువ. కళేబరం కుళ్ళగానే తల ఊడి ప్రవాహంలో పోయివుంటుంది. అది ముక్కలైపోయిందో, లేక దిగువన ఏ ఇసకపొర కిందనైనా చెక్కుచెదరకుండా ఉన్నదో! ఏటేటా వానలు ఆ రాళ్లను కోస్తూనే ఉన్నాయి.