ఎలుక మీద పనిచేస్తే బిడ్డకు మందవుతుందా?

నాందేడ్, లాతూర్ నీట్ కోచింగ్‌కు పేరున్న ఊళ్లు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల తెలుగు కుటుంబాల పిల్లలూ ఆ బాట పడుతున్నారు. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, పుస్తకంలో ఇంగ్లిష్. ఈ ఒత్తిడికి విరుగుడంటూ అశ్వగంధ, పసుపు గుళికలను ‘పరిశోధనల్లో రుజువైంది’ అనే మాటతో అమ్ముతుంటారు. ఆ రుజువు ఎవరి మీద జరిగిందన్నదే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు అడగాల్సిన ప్రశ్న.

చాలాసార్లు అది ఎలుకల మీద జరిగినదే. 1977లో పోర్సోల్ట్ బృందం ప్రవేశపెట్టిన ఈత పరీక్షలో ఎలుకను నీళ్లున్న గాజు పాత్రలో వదులుతారు. కాసేపు ఈది, తర్వాత అది కదలకుండా తేలుతుంది. మొక్క సారం ఇచ్చాక అలా తేలే సమయం తగ్గితే, కుంగుబాటుపై పనిచేసే గుణం ఉండొచ్చని భావిస్తారు. వారాల తరబడి చిన్న చిన్న ఇబ్బందులు పెట్టి, తీపి నీళ్లపై ఆసక్తి తగ్గిందా అని చూసే పద్ధతి కూడా ఉంది. ఇలాంటి ప్రయోగాలకు మన దేశంలో సంస్థ నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి.

అయితే కదలకపోవడం నిరాశేనా, శక్తిని దాచుకునే తెలివా అన్నది ఇప్పటికీ తెగని చర్చ. కాఫీలోని కెఫీన్ ఇచ్చినా ఎలుక ఎక్కువగా కదులుతుంది. అంతమాత్రాన కాఫీ కుంగుబాటుకు మందు కాదు. పైగా ఎలుకకు మార్కుల భయం లేదు, భాష మారిన బెంగ లేదు. ఈ పరీక్షలు పనికిరానివని కాదు. వందల పదార్థాల్లో దేన్ని ముందుకు తీసుకెళ్లాలో చెప్పే తొలి జల్లెడ అవి. ఆ తర్వాత మోతాదు, భద్రత, మనుషులపై పోలిక పరీక్షలు జరగాలి.

మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదనే నమ్మకం కూడా సరికాదు. మన సర్పగంధ నుంచి 1952లో వేరుచేసిన రెసర్పిన్‌ను రక్తపోటుకు వాడినప్పుడు కొందరు రోగుల్లో కుంగుబాటు కనిపించింది. ఆ తర్వాత జంతువుల్లో కుంగుబాటులాంటి స్థితిని కలిగించడానికి పరిశోధకులు అదే రెసర్పిన్‌ను వాడారు. ఐరోపాలో కుంగుబాటుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్‌పై అమెరికాలో 340 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ప్రధాన కొలమానాల్లో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. పోలికకు ఇచ్చిన సెర్ట్రలిన్ మందుదీ అదే ఫలితం. ఆ మూలికను కుంగుబాటు మాత్రలతో కలిపి వేసుకుంటే ప్రమాదం కూడా ఉంది. అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న కేసులు పలు దేశాల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది.

కాబట్టి సీసా కొనేముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ ఫలితం ఎలుకలదా, మనుషులదా? పిల్లల వయసులో పరీక్షించారా? బిడ్డ ఇప్పటికే వేసుకుంటున్న మందులతో పడుతుందా? జవాబు దొరకకపోతే డాక్టర్‌ను అడగాలి.

రెండు వారాలకు పైగా పిల్లలు దిగులుగా ఉన్నా, ఆట మానేసినా, నిద్ర, తిండి తగ్గినా దాన్ని సోమరితనం అనుకోవద్దు. ముందు గమనించేది ఇల్లు, బడి కాబట్టి తరగతి ఉపాధ్యాయులు ఆ మాట తల్లిదండ్రుల చెవిన వేయాలి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ, మరాఠీలోనూ మాట్లాడొచ్చు. మూలిక పరిశోధన తన దారిన సాగనివ్వండి. ఫలితం తేలేదాకా బిడ్డ ఆగనక్కరలేదు, సాయం ఈ రోజే ఉంది.