డాలర్ తరుగు

ఈ సంచికలో కవితలూ కథలూ ఎలాగూ దండిగా ఉంటాయి. కనుక నేను ఒక లెక్కల కాగితం మీ ముందు పెడుతున్నాను. మన తరగతిలో సగం మంది డిగ్రీ ఎప్పుడైపోతుందా, ఎమ్మెస్‌కు ఎప్పుడు ఎగిరిపోదామా అని చూస్తున్నవాళ్ళే. సీటు గురించి, వీసా గురించి హాస్టల్ మెట్ల మీద రాత్రి ఒంటిగంట దాకా చర్చలు నడుస్తాయి. ఇంట్లోవాళ్ళు పంపే లక్షల రూపాయలు సముద్రం దాటేటప్పుడు దారిలో ఎంత రాలిపోతుందన్న చర్చ మాత్రం నేను ఒక్కనాడూ వినలేదు.

2024 ఆగస్టులో మా అన్న అమెరికాకు వెళ్ళాడు. బాపు ముప్పై గుంటల భూమి అమ్మాడు. ఏడాది ఫీజు 21,000 డాలర్లు పంపాలి. బ్యాంకుకు బాపు వెంట నేనే వెళ్ళాను. "చార్జీ వెయ్యి రూపాయలే" అన్నారు అక్కడి ఆఫీసరు గారు. బాపు నా దిక్కు చూసి "అగ్గువనే ఉన్నది గదరా" అన్నాడు. నాకూ అట్లనే అనిపించింది. చూపిన చోటల్లా సంతకాలు పెట్టి వచ్చాం.

ఇంటికొచ్చి రసీదు చూస్తే గాని సంగతి తెలియలేదు. ఆ రోజు పేపర్లో డాలర్ ధర 83 రూపాయల 90 పైసలు. బ్యాంకు మాకు వేసింది 85 రూపాయల 20 పైసలు. తేడా రూపాయి ముప్పై పైసలే కదా అనుకోవచ్చు. దాన్ని 21,000తో గుణించండి. 27,300 రూపాయలు! ఆ సీజన్లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,300. అంటే దాదాపు పన్నెండు క్వింటాళ్ళ వడ్లు. కొనుగోలు కేంద్రంలో బస్తాకు కిలో తరుగు తీస్తే కాంటా పట్టుకుని కొట్లాడే మా బాపు, ఇక్కడ పన్నెండు క్వింటాళ్ళ తరుగు ఇచ్చి, పైగా దండం పెట్టి వచ్చాడు. కాంటా కంటికి కనబడుతుంది. ఈ తరుగు కనబడదు. చార్జీ అని వాళ్ళు చెప్పింది వెయ్యి. అసలు చార్జీ రేటులో దాగి ఉంది.

ఇంతకీ డబ్బు నిజంగా దేశం దాటుతుందా అంటే, దాటదు. సైన్సు విద్యార్థిగా నాకు ఇది భలే విచిత్రంగా తోచింది. మన బ్యాంకుకు అమెరికా బ్యాంకులో ముందే ఒక డాలర్ల ఖాతా ఉంటుంది. మన రూపాయలు ఇక్కడే ఆగిపోతాయి. అక్కడి ఖాతాలోంచి డాలర్లు ఇంకొకరి ఖాతాలో పడతాయి. నడుమ ప్రయాణం చేసేది ఒక సందేశం మాత్రమే. 1973లో బెల్జియంలో పుట్టిన స్విఫ్ట్ అనే సంస్థ చేసేది ఈ సందేశాలు మోయడమే. రెండు బ్యాంకులకూ నేరుగా సంబంధం లేకపోతే మధ్యలో మూడో బ్యాంకు దిగుతుంది, దాని కూలి అది కోసుకుంటుంది. మేము పంపిన ఫీజులో 20 డాలర్లు తక్కువ చేరాయి. "ఫీజు బాకీ ఉంది" అని అన్నకు యూనివర్సిటీ నుంచి నోటీసు! ఫారంలో ఖర్చులన్నీ పంపేవాళ్ళవే అని ఒక గడి ఉంటుందని, అందులో టిక్కు పెట్టాలని మాకు చెప్పినవారు లేరు.

ఇక పన్ను సంగతి. రిజర్వు బ్యాంకు 2004లో ఈ పథకం మొదలుపెట్టినప్పుడు మనిషికి 25,000 డాలర్లే హద్దు. 2015 నుంచి అది ఏడాదికి 2,50,000 డాలర్లు. మంచిదే. కానీ పంపేటప్పుడే ప్రభుత్వం కొంత పన్ను ముందుగా పట్టుకుంటుంది. అప్పటి లెక్క ప్రకారం చదువుకు సొంత డబ్బు పంపితే ఏడు లక్షలు దాటినదాని మీద 5 శాతం. మాకు 54,460 రూపాయలు పడింది. రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది, నిజమే. వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు కాబట్టి బాపు జన్మలో రిటర్ను వేసినవాడు కాదు. పన్ను కట్టనక్కరలేని మనిషి ముందు పన్ను కట్టి, తర్వాత ఆడిటర్ చుట్టూ తిరిగి తన డబ్బు తాను అడుక్కోవాలన్నమాట! బయటికి పోయే పెద్ద మొత్తాల మీద ప్రభుత్వానికి ఒక కన్ను ఉండాలి, కాదనను. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దును పది లక్షలకు పెంచారు. చదువు కోసం బ్యాంకు అప్పు తీసి పంపేవాళ్ళకు ఈ పన్ను పూర్తిగా తీసేశారు. సంతోషం. మరి అప్పు చేయకుండా భూమి అమ్ముకున్నవాడు చేసిన తప్పేమిటి?

మా వాడకట్టులో దుబాయి పోయివచ్చిన ఒక కాక ఉన్నాడు. ఏడో తరగతి దాకా చదివాడు. మా రసీదు చూసి నవ్వాడు. అక్కడ ఒకే వీధిలో నాలుగైదు ఎక్స్ఛేంజీ దుకాణాలుంటాయట. రేటు బోర్డు మీదే ఉంటుందట. "చార్జీ ఎంతని నేను ఎన్నడూ అడగలె. వెయ్యి దిర్హాములు ఇస్తే మా ఇంట్ల ఎన్ని రూపాయలు పడ్తయని అడిగేటోణ్ణి. ఎవడు ఎక్కువ చెప్తే వానికే ఇచ్చేటోణ్ణి" అన్నాడు. సరిగ్గా అదే అడగవలసిన ప్రశ్న. కాలిక్యులస్ చదివిన నాకు తట్టలేదు. హుండీవాళ్ళు ఇంకా ఎక్కువ ఇస్తారని కొందరు ఆశపడతారు. అది చట్టవిరుద్ధం. డబ్బు మునిగితే అడిగే దిక్కుండదు, చేతిలో చిత్తుకాగితమైనా ఉండదు. అయినా జనం అటు ఎందుకు పోతున్నారో బ్యాంకులు ఒకసారి ఆలోచిస్తే బాగుంటుంది.

నేను కోరేది పెద్దదేం కాదు. సంతకానికి ముందు ఒక్క కాగితం, తెలుగులో. నేటి మార్కెట్ రేటు ఇంత, మేమిచ్చే రేటు ఇంత, తేడా రూపాయల్లో ఇంత, పన్ను ఇంత, అవతల చేరేది ఇంత. ఎరువుల బస్తా మీద ధర అచ్చు వేయించగలిగిన దేశానికి ఇది అసాధ్యమా?

2025లో రెండో ఏడు ఫీజుకు మళ్ళీ అదే బ్యాంకుకు వెళ్ళాం. ఈసారి బాపు కుర్చీలో కూర్చోకముందే అడిగాడు: "సారూ, 21,000 డాలర్లు పూర్తిగ అక్కడ పడాలె. అన్నీ కలిపి నా ఖాతాల ఎంత పోతది?" ఆఫీసరు గారు ఒక నిమిషం ఆగి, ఎవరికో ఫోన్ చేసి, రేటు అరవై పైసలు తగ్గించారు. పోయినేడు ఎందుకు తగ్గించలేదని నేను అడగబోతే బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.