జొన్నరొట్టెకు సిగ్గుపడిన సంతానము

ఆషాఢమాసమున పసుపు పూసి, వేపమండలు చుట్టి, పైన దీపము వెలిగించిన బోనపుకుండలను శిరమున ధరించి సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి ఆలయమునకు సాగిపోవు స్త్రీలను చూచినవారెవ్వరును, ఈ నగరము పూర్వుల ఆచారమును విడిచినదని చెప్పజాలరు. 1813లో మహమ్మారి ప్రబలినప్పుడు, సైన్యమున డోలీ మోయుచు ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య అమ్మవారికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి 1815లో ఇచ్చట ప్రతిష్ఠ గావించెనని ప్రతీతి. ఆ మ్రొక్కు నేటికిని చెల్లుచున్నది.

అయినను, అమ్మవారి నైవేద్యము నిలిచినది గాని, ఆ కుండను మోసిన తల్లుల పొయ్యిమీద నిత్యము కాలిన జొన్నరొట్టె, తెల్లవారగనే త్రాగిన అంబలి, సర్వ లోపలి గోడకు అద్ది కాల్చిన సర్వపిండి, మారేడుపల్లిలోను తార్నాకలోను పెరుగుచున్న మనుమలకు పరాయి వంటలైనవి. కాలువలును బోరుబావులును వరిని విస్తరింపజేసినవి. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యము పేదయింటికిని వరియన్నమును చేర్చినది. పండుగనాడు మాత్రమే తెల్లని అన్నమెరిగిన కుటుంబముల ఆకలి తీర్చిన ఆ పథకమును నిందించుట అధర్మము. మనము చేసిన అపచారము వేరు: అన్నము గౌరవమునకును, జొన్నరొట్టె దారిద్ర్యమునకును చిహ్నములని నమ్మి, బడికి పంపు డబ్బాలో రొట్టె పెట్టుటకు సంకోచించితిమి, చుట్టములు వచ్చిననాడు దానిని చాటున దాచితిమి.

కనుక ఈ యెడబాటునకు మూలము సిగ్గేయని నా నిశ్చయము. సిగ్గుపడనివారు జహీరాబాదు ప్రక్క పస్తాపూరులో నున్నారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు, వారిలో పలువురు దళితులు, జొన్న, కొర్ర, సామ విత్తనములను తమ యిండ్లలోనే కాపాడుకొనుచు 2019లో ఈక్వేటర్ బహుమతి నందుకొనిరి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల వత్సరముగా ప్రకటించిన పిమ్మట మన దుకాణములలోను జొన్నపిండి పొట్లములు వెలసినవి. సంతోషమే, కాని మధుమేహమునకు పథ్యముగా తినిన రొట్టె అమ్మమ్మతో చుట్టరికమును కలుపజాలదు.

చుట్టరికము చేతి పనిలో నున్నది. గోధుమపిండికి గల సాగు గుణము జొన్నపిండికి లేదు. మరిగిన నీళ్లు పోసి, వేడి చల్లారకముందే మర్దించి, అంచు పగులకుండ అరచేత తట్టుచు త్రిప్పవలెను. పెనముమీద వేసిన వెంటనే పైన తడిచేత నీరు పూసి, ఆ తడి ఆరీయారకముందే తిరుగవేయవలెను. ఆ అదను నెరిగిన స్త్రీలు మన యిండ్లలో ఇప్పటికే వృద్ధులైరి. సకినాల విద్యయు నట్టిదే: తడి బియ్యపుపిండిలో నువ్వులు, వాము కలిపి, పరచిన బట్టమీద వ్రేళ్లసందున మెలిపెట్టుచు చుట్లు చుట్టుటకు ఒకనాడు వాడయంతయు ఒక్క యింట చేరెడిది, నేడు అవి కిలోల లెక్కన అంగడినుండి వచ్చుచున్నవి.

పాఠకులారా, వచ్చు సంక్రాంతికి సకినాలు కొనకుడు. ఇంటి పెద్దమ్మను పిలిచి, ఆడపిల్లలనే గాక మగపిల్లలను గూడ ఆమె ప్రక్కన కూర్చుండబెట్టి, వారి చేతులను పిండిలో పెట్టింపుడు.