ఫ్లెమింగోలకు పండగ సరే.. పులికాట్‌లో నీళ్ల సంగతేంటి?

చలికాలం వస్తే చాలు.. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో పులికాట్ సరస్సు ఫ్లెమింగోలతో కళకళలాడుతుంది. వాటి పేరుతో 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్, కొన్నేళ్ల గ్యాప్ తర్వాత 2025 జనవరిలో మూడు రోజులు మళ్లీ జరిగింది. సందడి బాగానే ఉంది. కానీ పక్షులు వచ్చేది పండగ కోసం కాదు.. తిండి కోసం. ఆ తిండి దొరకాలంటే సరస్సులో నీళ్లుండాలి. మరి ఆ నీళ్ల కోసం ఖర్చు పెట్టేదెవరు?

అసలు సమస్య ఏంటంటే..

పులికాట్ ఉప్పునీరు, మంచినీరు కలిసే సరస్సు. ఈ రకం సరస్సుల్లో చిల్కా తర్వాత దేశంలో ఇదే పెద్దది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నుంచి మంచినీరు వస్తుంది. సముద్రపు నీరు ముఖద్వారాల గుండా రావాలి. అక్కడ ఇసుక మేటలు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఎండాకాలానికి ఏపీ వైపు ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది. ఫ్లెమింగోలకు కావాల్సిన నాచు, చిన్న జీవులు ఉండవు. చేపలు, రొయ్యలూ తగ్గుతాయి. అటు పక్షులకు మేత కరువు, ఇటు మత్స్యకారులకు వేట కరువు.

దగ్గర్లోని నేలపట్టులో గూడబాతులు చెట్లపై గూళ్లు కట్టుకుంటాయి. చేపల కోసం మాత్రం పులికాట్‌కు ఎగిరి వెళ్తాయి. గూడు ఒకచోట, కూడు ఇంకోచోట! అందుకే నేలపట్టును ఒక్కదాన్నే కాపాడితే సరిపోదు.

డబ్బులు ఎక్కడి నుంచి రావాలి?

ఈ రెండూ ప్రభుత్వం ప్రకటించిన పక్షి సంరక్షణ కేంద్రాలే. వన్యప్రాణి ఆవాసాల అభివృద్ధి పథకం కింద కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించాలి. రాష్ట్రం ముందుగా ప్లాన్ పంపాలి, ఖర్చుకు లెక్క చూపాలి. ఇక్కడే చిక్కంతా. పక్షులు అటవీ శాఖవి, చేపలు మత్స్య శాఖవి, పండగేమో పర్యాటకం ఖాతాలోకి వెళ్తుంది. ముఖద్వారం పూడిక తీయాలన్నది మత్స్యకారుల ఏళ్లనాటి డిమాండ్. పైగా అది ఒక్కసారి తీసి వదిలేసే పని కాదు. అలలు ఇసుకను మళ్లీ తెచ్చి పోస్తూనే ఉంటాయి.. డబ్బు కూడా క్రమం తప్పకుండా కావాల్సిందే.

మధ్య ఆసియా వలస మార్గంలో 30 దేశాలున్నాయి. 2024లో సమర్‌కండ్ సదస్సులో ఈ మార్గం సమన్వయ బాధ్యత భారత్‌కు దక్కింది. బయట పెద్దరికం దక్కినప్పుడు ఇంట్లో సరస్సు ఎండిపోతే ఎలా? వచ్చే బడ్జెట్‌లో చూడాల్సింది ఒక్కటే.. పండగ ఖర్చు పక్కన, ముఖద్వారం కోసం ఏటా ఇచ్చే పద్దు ఉందా, లేదా?