గాలివాన వేడుక కాదు

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతంలో వాన కబురంటే శుభవార్తే. బోర్లు అడుగంటి, ట్యాంకరు కోసం వీధిలో బిందెలు బారులు తీరిన వేసవులు గిద్దలూరు, రాచర్ల, కంభం, మార్కాపురం ప్రాంతాలకు కొత్త కాదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన నేల ఇది. ఇలాంటి చోట వాగు పారితే ఊరు ఊరంతా గట్టెక్కి చూస్తుంది. చెరువు అలుగు పారితే ఆడవాళ్లు పసుపు కుంకుమలు వేసి దండం పెట్టుకుంటారు. నీటి విలువ తెలిసినవాళ్ల సంతోషం అది. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ సంతోషం చేతిలోకి ఫోన్ వచ్చాక పరిస్థితి మారింది. చూసి వెనక్కి రావాల్సిన మనిషి వీడియో కోసం అక్కడే నిలబడిపోతున్నాడు. మబ్బు కమ్మగానే పశువులను తోలుకుని ఇంటిదారి పట్టిన తాతల ఊళ్లోనే, అదే మబ్బును చూసి మనవలు బండి స్టార్ట్ చేసి పొలాల్లోకి పోతున్నారు.

దీన్ని కుర్రతనం అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ప్రకృతి బీభత్సాన్ని వెంటాడి ఫొటోలు తీయడం ఇవాళ ప్రపంచమంతటా ఉన్న సరదా. అమెరికా మైదానాల్లో సుడిగాలుల వెంట కార్లేసుకుని తిరిగే వాళ్ల వీడియోలు మన పల్లెల్లోని ఫోన్లకూ చేరుతున్నాయి. ఆ వీడియోలో తుపాను కనిపిస్తుంది కానీ, దాని వెనకున్న ఏళ్ల శిక్షణ, కారులో ఎదురుగా వెలుగుతున్న రాడార్ చిత్రం, తప్పించుకోవడానికి ముందే ఎంచుకున్న రోడ్డు కనిపించవు. మన కుర్రాడికి ఉన్నది ఒక బైకు, ఒక ఫోను, రెండు వైపులా వాగులున్న ఒకే ఒక్క రోడ్డు.

మొదటి ముప్పు పిడుగు. దేశంలో ప్రకృతి వైపరీత్యాల మృతుల్లో పిడుగుపాటుకు గురైనవారే ఎక్కువ. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 2,887 మంది పిడుగులకు బలయ్యారు. తుపానుకు పేరు పెడతారు, రోజుల ముందు నుంచీ హెచ్చరిస్తారు. పిడుగుకు పేరూ లేదు, దాని గురించి పత్రికల్లో పెద్ద శీర్షికలూ ఉండవు. మన రాష్ట్రంలో వేసవి మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో 2018 ఏప్రిల్ 24 చూపించింది. ఆ రోజు 13 గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ విభాగం లెక్క తేల్చింది. ఎండ మండిన రోజునే సాయంత్రం నాలుగింటికి మబ్బు లేచి, ఈదురుగాలితో విరుచుకుపడటం ఏప్రిల్, మే నెలల్లో మనకు అలవాటైన విషయమే. ఆ అలవాటే మనల్ని ఏమరుపాటులోకి నెడుతోంది.

మెరుపు దారిలోని గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలంతో పోలిస్తే ఇది సుమారు ఐదు రెట్లు. నేరుగా నెత్తిన పడితేనే ప్రాణం పోతుందనుకోవడం పొరపాటు. చెట్టుమీద పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. నేలలోకి దిగిన విద్యుత్తు చుట్టూ పాకి, అక్కడ నిలబడినవారి ఒక కాలి నుంచి ఇంకో కాలికి ఒంటి గుండా పోతుంది. ఒక్క పిడుగుకు మంద మొత్తం కూలిపోయిందని గొర్రెల కాపరులు చెప్పేది ఇందుకే. మనం నిలబడ్డ చోట వాన మొదలు కాలేదన్నది కూడా రక్షణ కాదు. మబ్బుకు పది కిలోమీటర్ల అవతల, నెత్తిన నీలాకాశం ఉన్నచోట కూడా పిడుగు పడగలదు. ఫొటోకు మంచి చోటని మనవాళ్లు ఎంచుకునేది సరిగ్గా ఆ అంచునే. అక్కడి నుంచైతే ఎండలో వెలిగే కంది చేను ముందు, నల్లమల మీద కమ్మిన కారుమబ్బు వెనక, రెండూ ఒకే ఫ్రేములో పడతాయి.

ఫోను పిడుగును లాగుతుందన్న ప్రచారంలో నిజం లేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నంత మాత్రాన ఆపద తప్పదు కూడా. ప్రమాదం మనిషి నిలబడిన చోటులో ఉంది. చేను నడుమ గట్టు మీద, ఒంటి వేపచెట్టు కింద, గుట్ట కొసన, మేడ మీది నీళ్ల ట్యాంకు పక్కన చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తుగా నిలబడ్డవాడే పిడుగుకు దగ్గర. 2021 జులై 11న జైపూర్‌లోని ఆమేర్ కోట ఎదుటి బురుజు మీద జరిగింది ఇదే. వాన చూసి ముచ్చటపడి పైకెక్కి, సెల్ఫీలు దిగుతున్న జనం మీద పిడుగు పడింది. కనీసం 11 మంది చనిపోయారు. వాళ్లెవరూ సాహసానికని వెళ్లలేదు. వాన వెలుతురులో ఒక ఫొటో కోసం ఆగారు, అంతే.

రెండో ముప్పు వాగు. రాచర్ల వాళ్లకు గుండ్లకమ్మ గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అయినా చెప్పుకోవాల్సి వస్తోంది. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన ఏరు కొండల్లోంచి దిగి, జేపీ చెరువు సమీపంలో నెమలిగుండ్ల రంగనాయకస్వామి పాదాల చెంత గుండంలోకి దూకి, కంభం చెరువు దారి పడుతుంది. అడవిలో ఎక్కడ ఎంత వాన పడిందో కింద ఉన్నవాడికి కనిపించదు. రాచర్లలో ఎండ కాస్తూ ఉండగానే పైన కురిసిన వాన గంటల్లో ఏటి మీదికి వచ్చేస్తుంది. శనివారం దర్శనానికి వచ్చినవాళ్లు, జలపాతం ముందు ఫొటో కోసం రాళ్ల మీదికి దిగినవాళ్లు ఆకాశాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటే లాభం లేదు. చూడాల్సింది నీటిని. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడినా, పుల్లలూ ఆకులూ నురగతో కలిసి కొట్టుకొస్తున్నా, ఏటి హోరు పెరిగినా వెనక నుంచి వరద వస్తోందని అర్థం. ఫోన్ తెర మీదే చూపు నిలిపినవాడికి ఈ మూడింటిలో ఒక్కటీ తెలియదు. పైగా ఫోన్ కెమెరా ఎదుట ఉన్నదాన్ని ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా చూపిస్తుంది. తెరమీద దూరంగా కనిపించే నీరు నిజానికి ఇంకా దగ్గర్లో ఉంటుంది.

చప్టాల మీద జరిగేది మరీ ఘోరం. వరద పారుతున్న చప్టాను బైకు మీద దాటుతూ వీడియో, దాటుతున్నవాడిని గట్టు మీది నుంచి ఇంకొకరి వీడియో. ఉరవడిగా పారే నీరు అరడుగు లోతుంటే చాలు, నిలబడ్డ మనిషి కాలు తప్పుతుంది. అడుగు లోతు చిన్న కారును తేల్చగలదు. రెండడుగులు చాలా వాహనాలను ఈడ్చుకుపోతాయి. అడుగున రోడ్డు కోసుకుపోయిందో లేదో పైన పారే బురదనీరు చెప్పదు. గట్టు మీద కేకలు వేసే గుంపు లేకపోతే, ఫోన్లు ఎత్తి పట్టుకున్న చేతులు లేకపోతే, ఆ కుర్రాళ్లలో సగం మంది బండి వెనక్కి తిప్పేవాళ్లే. ప్రమాదంలో చూసేవాడికీ వాటా ఉంది.

నీరు మాట చెప్పి రాదనడానికి తెలుగువాళ్ల ఇళ్లలో ఆరని శోకమే సాక్ష్యం. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులను, ఎగువన లార్జి డ్యాం నుంచి వదిలిన నీరు ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట వచ్చిన టూర్ నిర్వాహకుడు కొట్టుకుపోయారు. అది వాన తెచ్చిన వరద కాదు. హెచ్చరించకుండా నీళ్లు వదిలిన యంత్రాంగం తప్పు ఎంత పెద్దదో దేశమంతా మాట్లాడుకుంది. దాంతోపాటు మనం మనసులో పెట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. నీరు మోకాళ్లకు వచ్చేదాకా ఆ పిల్లలకు అది మామూలు నదిలాగే కనిపించింది.

అనుభవం ఉంటే తప్పించుకోవచ్చని వాదించేవాళ్లకు టిమ్ సమరాస్ కథ జవాబు. అమెరికాకు చెందిన ఈ ఇంజినీరు సుడిగాలుల దారిలో పరికరాలు పెట్టి కొలతలు తీసిన పరిశోధకుడు. 2003లో దక్షిణ డకోటాలో ఒక సుడిగాలి నడుమ వాయుపీడనం 100 మిల్లీబార్లు పడిపోవడాన్ని ఆయన పరికరమే నమోదు చేసింది. ఆ రంగంలో అందరికంటే జాగ్రత్తపరుడని ఆయనకు పేరు. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర సుడిగాలి ఉన్నట్టుండి దారి మార్చింది, చూస్తుండగానే నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పయింది. సమరాస్, ఆయన కుమారుడు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు, సుడిగాలి ఫొటో తీసి స్నేహితుడికి పంపిన ఒక స్థానికుడు కొద్ది నిమిషాలకే దానికి బలయ్యాడు. ఏళ్ల తరబడి అనుభవాన్ని లెక్కచేయని గాలి, మూడు రోజుల రీల్స్ సరదాను లెక్కచేస్తుందా?

వాతావరణం మీద ఆసక్తి మంచిదే. ఈ తరం పిల్లల్లో అది పెరగాలి కూడా. దానికి దారి చూపినవాళ్లు మన మధ్యే ఉన్నారు. తిరుపతికి చెందిన సాయి ప్రణీత్ ‘ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్’గా రైతులకు తెలుగులో వాతావరణ సమాచారం అందించి, 2021 జులైలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ప్రశంస అందుకున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఆయన చేసింది తుపానుకు ఎదురెళ్లడం కాదు. అందుబాటులో ఉన్న గణాంకాలను చదివి, అర్థం చేసుకుని, రైతుకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం. మచిలీపట్నం, విశాఖ రాడార్ల చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ మన చుట్టుపక్కల పిడుగులు పడే సూచనను ముందుగానే చెబుతుంది. మబ్బును ఇంట్లో కూర్చుని చదవడం నేర్చుకున్న కుర్రాడు ఊరికి పనికొస్తాడు. దాని కిందికి పరుగెత్తినవాడి కోసం ఊరు పరుగెత్తాల్సి వస్తుంది.

ఫొటో తీయాలనుకునేవారికీ సురక్షితమైన దారి ఉంది. పక్కా ఇంటి కిటికీ లోపల స్టాండు మీద ఫోన్ పెట్టి వీడియో నడిపిస్తే మెరుపు దానంతటదే అందులో పడుతుంది. మెరిసిన తర్వాత ఉరుము వినిపించే వరకు అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. లెక్క ముప్పైకి చేరకముందే ఉరిమితే మీరు లోపల ఉండాల్సిందే. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా బయటికి రావద్దు. చెట్టు, రేకుల పందిరి, ఆటో, బైకు ఏవీ ఆశ్రయం కావు. పక్కా భవనం, అది దొరక్కపోతే అద్దాలు ఎత్తిన కారు లేదా బస్సు మాత్రమే కాపాడతాయి. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు. ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి. ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేస్తే బతికే అవకాశం ఉంటుంది.

గాలివాన వెలిశాక తీసే ఫొటోకు ఇంకా విలువ ఎక్కువ. ఒరిగిన మిరప చేను, వడగళ్లకు రాలిన కాయ, నీట మునిగిన మడి, గండి పడిన చెరువు కట్ట, కోసుకుపోయిన చప్టా. ఇవి నష్టానికి సాక్ష్యాలు. ఫసల్ బీమా కింద వడగళ్లు, ముంపు వంటి నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయాలి. పొలం, తేదీ, సమయం తెలిసేలా తీసిన నాలుగు ఫొటోలు నష్టాన్ని నిరూపించుకోవడానికి రైతుకు అక్కరకొస్తాయి. వేల లైకులు తెచ్చే మెరుపు వీడియో ఆ పని చేయదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు, సముద్రానికి అంత దూరంలో ఉన్న నల్లమల అంచు పల్లెలూ తడిసి ముద్దయ్యాయి. తుపాను కోస్తా వ్యవహారమన్న ధీమా ఇక్కడ ఇంకెవరికీ ఉండకూడదు. వచ్చే అక్టోబరు లోపు చేయాల్సిన పనులు ఖర్చుతో కూడినవేం కావు. ప్రతి చప్టాకు రెండు వైపులా నీటి లోతు చూపే స్తంభం నాటాలి, గొలుసు కట్టాలి. వరద పారినంతసేపూ అక్కడ ఒక మనిషి కాపలా ఉండాలి. ఈ బాధ్యత రెవెన్యూ, పంచాయతీ, పోలీసు శాఖల్లో ఎవరిదో తహసీల్దారు కార్యాలయం ముందే కాగితం మీద రాసి పెట్టాలి. నల్లమలలో భారీ వాన హెచ్చరిక ఉన్న శనివారాల్లో నెమలిగుండ్ల దారిని అటవీ, దేవాదాయ శాఖలు ఉదయమే మూసేయాలి. భక్తులు గుడిదాకా వచ్చాక ఆపితే ప్రయోజనం లేదు. బడుల్లో పిడుగు జాగ్రత్తలను వేసవి సెలవులకు ముందు ఒక పాఠంగా చెప్పాలి. వరదలో దిగి తీసిన వీడియోను స్థానిక పత్రికలు, చానళ్లు ఏవీ ప్రసారం చేయకూడదు. ‘మీ ఊరి వరద దృశ్యాలు పంపండి’ అనే పిలుపు ఇవ్వకూడదు. సాయం కావాల్సినవారికి రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబర్లు 112, 1070, 1800 425 0101 ప్రతి రచ్చబండ దగ్గరా గోడ మీద కనిపించాలి.

ఇవన్నీ జరిగినా ఇంట్లోవాళ్లు చెప్పాల్సింది ఒకటి మిగులుతుంది. గొలుసు కట్టిన చప్టా పక్కనుంచి బండి పోనిచ్చే పిల్లాడిని కానిస్టేబులు ఆపలేడు. ‘ఉరుముతోంది, లోపలికి రా’ అని గద్దించే తల్లి, ‘వాగు దగ్గర వీడియో పెట్టావంటే ఫోన్ లాక్కుంటా’ అని చెప్పే తండ్రి, స్నేహితుడి వరద వీడియోకు లైకు కొట్టకుండా ‘ముందు గట్టెక్కు’ అని ఫోన్ చేసి చెప్పే దోస్తు ఆపగలరు.